దయ్యాలకు గొంతిచ్చిన తాయారక్క

డబ్బింగ్ థియేటర్లో మోకాలి దాకా నీళ్లున్నాయి, ఎవరూ పట్టించుకోవడం లేదు, కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని మైకు ముందు తాయారక్క నిలబడి ఉంది, ఆమె కరోనాలో పోయిందని నాకు తెలుసు, ఆ మాట ఇప్పుడు గుర్తుచేయడం మర్యాద కాదనిపించి తలుపు దగ్గరే ఆగిపోతాను. నలభై ఏళ్లు మన సినిమా దయ్యాలకి ఆమే గొంతు. తెరమీద ఎవరు జుట్టు విరబోసుకున్నా కేక మాత్రం తాయారక్కది. నాకు ఈ పని నేర్పింది కూడా ఆమే.

"రా ఇందూ, నీకోసమే ఆపించాను," అంటుంది.

"ఇది మద్రాసా, హైదరాబాదా అక్కా?"

"ఏదైతే ఏం, మైకు పనిచేస్తోంది."

తెరమీద నాచు పట్టిన జుట్టుతో ఒక ఆడమనిషి నీళ్లలోంచి లేస్తుంది. తాయారక్క నోరు తెరుస్తుంది, కేక నాకు వినపడదు, నీళ్లు మాత్రం వణుకుతాయి. "దివిసీమ ఉప్పెన వచ్చి ఏడాది కూడా కాలేదప్పటికి," అంటుంది. "నీళ్ల చప్పుడైతే చాలు, జనం లేచి కూర్చునేవాళ్లు. అందుకే నేను మొదట గొంతిచ్చిన దయ్యం తడిబట్టలతో వచ్చింది."

నీళ్లు ఎటుపోయాయో, కాళ్లకింద ఇప్పుడు ఎర్రమట్టి, కోసిన నిమ్మకాయలు. తెరమీద ఊరంతా ఒక ముసలామెను తరుముతోంది. "చేతబడి చేసిందని ఒంటరి ఆడవాళ్లని కొట్టే రోజులు. సినిమాలోనూ ఆమే దయ్యం. నేను మాత్రం దెబ్బలు తింటున్నదానిలా కేక వేసేదాన్ని. డైరెక్టరుకి తేడా తెలీలేదు. హాల్లో ఆడవాళ్లకి తెలిసింది."

ఆమె మాట్లాడుతుండగానే గోడలు దగ్గరికి జరిగి అపార్టుమెంటు వరండా అవుతాయి, ఎవరూ లేని లిఫ్టు మా అంతస్తులో ఆగుతుంది. "పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలియని కాలం వచ్చాక దయ్యం కాలింగ్ బెల్ నొక్కడం నేర్చుకుంది," అని నవ్వుతుంది, "ఆ తర్వాత ఫోన్లో దూరింది." లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల ఆస్పత్రి మంచం ఉంది. నాకు అటు చూడబుద్ధి కాదు.

"నీతో ఒకటి చెప్పాలక్కా," అంటాను. "ఆస్పత్రి నుంచి నాకు వాయిస్ మెసేజి పెట్టావు, అందులో మాటలకన్నా ఆయాసమే ఎక్కువ. పోయిన ఏడాది ఒక సినిమాలో ఊపిరాడని దయ్యం కావాలన్నారు. ఆరు టేకులు కుదరలేదు. ఏడోసారి నీ ఆయాసం చేశాను. గదిలో అందరూ కళ్లు తుడుచుకున్నారు. అప్పట్నించి మైకు ముందుకెళితే నా గొంతు పట్టేస్తోంది. రెండు సినిమాలు వదిలేశాను. నీ చావుని అమ్ముకున్నాననిపిస్తోంది."

తాయారక్క హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంటుంది.

"నా మొదటి కేక ఎవరిదనుకున్నావు? మా పిన్నిది. ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని నీళ్లు లాక్కుపోతుంటే వేసిన కేక. నేను తాటిచెట్టు కరుచుకుని విన్నాను. మరుసటేడు మద్రాసులో మైకు ముందు నిలబెడితే నాకు తెలిసిన కేక అదొక్కటే."

"పిన్నికి తెలిసిందా?"

"నేనే తీసుకెళ్లి చూపించాను. తిడుతుందనుకున్నాను. బయటికొచ్చి, 'ఆ రోజు నా కేక ఎవరికీ వినపడలేదనుకున్నానే తాయారూ,' అంది. ఇంటికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు."

మంచం ఎప్పుడు మాయమైందో గమనించలేదు. థియేటర్ కిటికీల్లోంచి ఎండ పడుతోంది, థియేటర్‌కి కిటికీలుండవని తెలిసినా నాకు అది బాగుంది.

"నువ్వు చేసింది విన్నాను," అంటుంది, పనిలో తప్పు చూపించే పాత గొంతుతో. "బాగానే చేశావు గానీ ఊపిరి తొందరగా వదిలేశావు. ఊపిరాడని మనిషి ఉన్న కాస్త గాలినీ వదలడానికి భయపడుతుంది. నాకు తెలుసు కదా. ఏదీ, మళ్లీ చెయ్యి." నా పొట్ట మీద చెయ్యి వేసి నొక్కిపెడుతుంది. పీల్చుకుని, నిలిపి, కొంచెం కొంచెంగా వదులుతాను, ఏడాదిగా లోపల పట్టుకున్నదంతా ఆ గాలితోపాటే బయటికి పోతున్నట్టుంటుంది.

"ఆఁ, అదీ," అంటుంది.

"ఇక తర్వాత దయ్యం ఎలా ఉంటుందక్కా?"

"నాకేం తెలుసే. జనం ఇప్పుడు దేనికి భయపడుతున్నారో నువ్వే వెళ్లి విను."

కళ్లు తెరిస్తే మధ్యాహ్నం మూడు గంటలు. సోఫాలో పడుకుని ఉన్నాను, నా కుడిచెయ్యి నా పొట్టమీదే ఉంది, నెమ్మదిగా లేస్తూ దిగుతూ. మా అమ్మాయి ప్రణతి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, స్టూడియో నుంచి మళ్లీ ఫోన్ చేశారు. రావని చెప్పేయనా?"

"రేపు పొద్దున్నే వస్తానని చెప్పు," అంటాను. గొంతు ఎక్కడా పట్టేయలేదు.