ఈశాన్యం ఎత్తిన రోజు

నేను ఒక ఫ్రిజ్‌ని. మీ వంటింట్లో గుర్రుమంటూ నిలబడే రకం కాదు. నాకు మోటారు లేదు, చప్పుడు లేదు. కరెంటు లేని చోట గ్యాస్ మంటతో చల్లబరుస్తాను. నిప్పుతో చల్లదనమేమిటని నవ్వకండి. నా వీపు వెనక చిన్న మంట వెలుగుతుంది. ఆ వేడికి గొట్టాల్లోని అమ్మోనియా ఆవిరై పైకెక్కి, మళ్ళీ ద్రవమై, తన బరువుతో తానే కిందికి జారుతూ నా లోపలి వేడిని పీల్చుకుపోతుంది. దాన్ని తోసేవాళ్ళెవరూ లేరు. అందుకే నేను తిన్నగా నిలబడాలి. ఒరిగానంటే ద్రవం ఎక్కడో మధ్యలో ఆగిపోతుంది, మంట మాత్రం ఆగదు, గొట్టం లోపల మాడు కడుతుంది. గిన్నె మాడితే తోముకోవచ్చు. నా మాడు వదిలేది కాదు.

చలిదేశంలో పుట్టి ఓడెక్కి వచ్చాను. మొదట ఒక సినిమా కంపెనీ కారవాన్‌లో బిగించారు. స్టూడియో నేల చదునుగా ఉండబట్టి బతికిపోయానే గాని, అక్కడెవరికీ నా మీద ప్రేమ లేదు. నాతోపాటు ఓడ దిగిన తోబుట్టువుని ఎవరో సరదారాయుళ్ళు ఏటిగట్టు వాలులో నిలిపి, సెలవులు గడవకముందే చంపేశారు. పైగా పనికిమాలిన సరుకని దాన్నే తిట్టారట. వంకరగా నిలబెట్టింది తామేనన్న సంగతి మనుషులకు చటుక్కున తట్టదు లెండి.

తర్వాత మా బండి కాకినాడ కామేశం గారి చేతికొచ్చింది. ఆయన భార్య తాయారు గారు బళ్ళో భూగోళం చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళన్నీ గోడ మీది పటంలో చూపించడమే గాని, తాను వెళ్ళి చూసింది లేదు. ఆవిడకి షుగరు. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, ఎండకి పాడైపోతుంది, ఊళ్ళు తిరగొద్దన్నారు డాక్టరు. ఆ మందు నా కడుపులో దాచుకుని ఆవిడ దేశం చూడ్డానికి బయల్దేరారు. నేను చెడితే ఆవిడ ప్రయాణాలు అంతటితో సరి.

బండి ఆగగానే ఆవిడ నా అర మీద పళ్ళెం పెట్టి నీళ్ళు పోసేవారు. నీళ్ళు ఏ పక్కకి చేరితే ఆ పక్క చక్రం కింద చెక్క పడాల్సిందే. ఆ తర్వాతే నాకు మంట. అలసిపోయినా, ఆకలేస్తున్నా ఈ పని మానలేదు. అంత ఓపిక నేనింకెవరిలోనూ చూడలేదు. ఆవిడంటే నాకు ప్రాణం.

కామేశం గారు మంచివారే, వాస్తు పిచ్చి ఒక్కటే. మండుటెండల్లో గండికోట చేరాం. తాయారు గారు నన్ను సరిచేసి, మంట వెలిగించి, లోయ చూడ్డానికి వెళ్ళారు. ఆయన దిక్కులు చూసుకుని ఉలిక్కిపడ్డారు. చెక్క లాగేసి, బండిని కాస్త తిప్పి, ఈశాన్యం మూల పల్లంలోకి దింపి నిశ్చింతగా కునుకు తీశారు. నా వీపు మాత్రం కాలిపోతోంది. నా తోబుట్టువు ఎలా పోయిందో అప్పుడు అర్థమైంది.

ఆవిడ వచ్చి తలుపు తీశారు. లోపల వెచ్చగా తగిలింది. గబగబా మంట ఆర్పేశారు.

"ఏం చేశారండీ?"

"ఈశాన్యం పల్లంగా ఉండాలి కదే! చక్రాలున్నా ఇల్లు ఇల్లే."

తాయారు గారు మంచం అంచున కూలబడ్డారు. "పదండి, ఇంటికి పోదాం. ఇది చెడిపోతే ఇంక నాకు గోడ మీద పటమే గతి," అన్నారు.

ఆయన జాకీ, చెక్కలు తీసుకుని కిందికి దిగారు. కాలుతున్న బండరాతి మీద మోకాళ్ళూని, బండిని ఒక మూల ఎత్తసాగారు.

ఆవిడ కిటికీలోంచి తొంగిచూశారు. "ఏవండీ, మీరెత్తుతున్నది ఈశాన్యమండీ!"

"తెలుసులేవే. నువ్వు నీళ్ళు చూడు."

నీళ్ళు పళ్ళెం అంచుని చుట్టూ సమంగా తాకాయి. నేను బాగా చల్లారాక మళ్ళీ మంట వెలిగించారు. చాలాసేపు ఏమీ జరగలేదు. మాడు పట్టిందేమోనని భయంతో చచ్చాను. తర్వాత, ఎక్కడో పైనుంచి, ఒక్క చుక్క జారింది. దాని వెనకే ఇంకొకటి.

పొద్దువాలేసరికి ఆవిడ మందు సీసా తీసి బుగ్గకి ఆనించుకున్నారు. "చల్లబడిందండీ!"

కామేశం గారు బొబ్బలెక్కిన మోకాళ్ళకి వెన్న రాసుకుంటూ తలెత్తారు. "అయితే చెప్పు, రేపు ఏ ఊరు?"