ఐదో మడి లెక్క

బెత్తెడు బాబాయ్ మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకుని గోధుమ మొలకలు లెక్కపెడుతున్నాడు. వాన కురిసినా, గ్లాసులో టీ పోసినా బెత్తెళ్ళలో చెబుతాడని ఆ విత్తన పరిశోధన క్షేత్రంలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. గింజ నాటేది మాత్రం సెంటీమీటర్లలో. మూడంటే మూడే, ఎనిమిదంటే ఎనిమిదే. అతని చేతి లోతును సరిచూడబోయినవాళ్ళు చివరికి తమ స్కేలునే అనుమానించేవారు.

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి ఇవాళ ఆఖరి రోజు. నాలుగింటికి వీడ్కోలు సభ.

సగం మళ్ళలో నేలలో కుళ్ళకుండా గులాబీ రంగు మందు పట్టించిన గింజలు, సగంలో ఉత్త గింజలు. అతను అంకె చెబుతుంటే శాస్త్రవేత్తమ్మ రాసుకుంటోంది. ఎనిమిది సెంటీమీటర్ల లోతులో నాటిన ఉత్త గింజలు మిగతా మళ్ళలో యాభైకి ముప్పై కూడా మొలవలేదు. అదే లోతులో కొత్త రకం ఉత్త గింజలు వేసిన ఐదో మడిలో మాత్రం నలభై ఆరు! ఈ రకానికి మందు అక్కర్లేదని నివేదికలో మొదటి వాక్యంగా రాస్తానని ఆమె సంబరపడిపోయింది.

బాబాయ్‌కి ఎక్కడో తేడా కొట్టింది. ఒక మొలకను పెళ్ళగించి, వేరును అంటుకున్న గింజ పొట్టును వేలితో తుడిచి చూశాడు. సన్నగా గులాబీ రంగు. విత్తిన రోజు భార్యకు కంటి ఆపరేషను. ఆ హడావుడిలో మందు గింజల డబ్బా కడగకుండానే అందులో ఈ మడి ఉత్త గింజలు పోసుకున్నాడు.

నోరు మూసుకుంటే సాయంత్రానికి చేతులు దులుపుకుని వెళ్ళిపోవచ్చు. అతను అలాంటి మనిషి కాడు.

"ఈ మడి కొట్టేయండమ్మా. డబ్బా కడగలేదు నేను."

ఆమె రాయడం ఆపింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా అంది మెల్లగా.

"మీ మాట నమ్మి ఎవరో మందు మానేస్తారు. పంట సగం పోయాక నన్నెక్కడ వెతుక్కుంటారమ్మా?"

ఆమె ఆ అంకె మీద గీత కొట్టింది.

సభలో పెద్ద అధికారి అతన్ని ఆకాశానికెత్తేశాడు. ఇన్నేళ్ళలో ఒక్క పొరపాటు కూడా చేయని చెయ్యి అన్నాడు. బాబాయ్ ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు.

"ఒకటుందండీ. ఐదో మడి."

అందరూ నవ్వారు. శాస్త్రవేత్తమ్మ నవ్వలేకపోయింది. అంత నిజాయితీ గల మనిషితో ఇంతకాలం పనిచేశానా అనుకుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. సభ అయ్యాక బాబాయ్ పొలంవైపు ఒకసారి నడిచి వచ్చి, సైకిలెక్కి గేటు దాటాడు.

మర్నాడు ఉదయం ఐదో మడి గట్టున ఒక చిన్న చెక్క గుచ్చి ఉంది. దానిమీద పెన్సిలుతో గట్టిగా నొక్కి రాసిన అక్షరాలు మంచుకు తడిసినా చెరగలేదు: "లెక్కలో వేయవద్దు. తప్పు మొక్కలది కాదు, నాది."