కదలని మట్టం

రసాయన శాస్త్రం చెప్పే మాస్టారు వారం రోజులుగా ఉదయం పదింటికి వరండా చివర నిలబడి, కళ్లజోడు సవరించుకుని, నేల చూసి కాగితం మీద ఒకే మాట రాస్తున్నారు: "శుభ్రంగా ఉంది." ఊడ్చే ఆయమ్మ ఉద్యోగం అవసరమో కాదో తేల్చే పని హెడ్మాస్టరమ్మ ఆయనకే అప్పగించింది. ఎప్పుడూ శుభ్రంగా ఉండే బడికి ఊడ్చే మనిషెందుకు? శనివారం ఆయన "అవసరం లేదు" అని రాసి, సంతకం చేసి ఇచ్చేశారు. బాగా చదువుకున్నవాళ్లకే ఇలాంటి తెలివి పుడుతుంది మరి! ఆ జీతం ఆగితే ఆయమ్మ ఇంట పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ రోజే పదో తరగతిలో సమతాస్థితి పాఠం. ఒక తొట్టి నిండా నీళ్లు, పక్కన ఖాళీ తొట్టి. ఒక పిల్ల పెద్ద గ్లాసుతో ఇటు నుంచి అటు, ఇంకో పిల్ల చిన్న గ్లాసుతో అటు నుంచి ఇటు పోస్తున్నారు. మొదట్లో నిండుగా వచ్చిన పెద్ద గ్లాసు, నీళ్లు తగ్గేకొద్దీ వెలితి పడింది. రెండో గ్లాసులోకి వచ్చే నీళ్లు పెరిగాయి. కాసేపటికి రెండు తొట్లలోనూ మట్టం కదలడం మానేసింది.

"మార్పు కనబడుతోందా?" అన్నారు మాస్టారు.

"లేదు సార్!"

"అయితే పని ఆగిపోయినట్టేనా?"

"ఆగడమా! భుజాలు పడిపోతున్నాయి. మీరొచ్చి ముంచండి సార్, తెలుస్తుంది!" అంది పెద్ద గ్లాసు పిల్ల. తరగతంతా ఘొల్లుమంది.

"అదేనర్రా సమతాస్థితి! రెండు తొట్లలో నీళ్లు సమానం కానక్కర్లేదు. అటు పోయే వేగం, ఇటు వచ్చే వేగం సమానమైతే చాలు. పైకి ఏమీ జరగనట్టే..."

మాట ఆగిపోయింది. కిటికీ అవతల ఆయమ్మ వరండా తుడుస్తోంది. తుడిచిన చోటే ఇద్దరు పిల్లలు బురద కాళ్లతో పరుగెత్తారు. "మీ కాళ్లు పడ!" అని గొణుక్కుంటూ ఆవిడ మళ్లీ వంగింది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

బెల్లు కాగానే బయటికి వచ్చారు. "ఆయమ్మా, రోజుకెన్నిసార్లు తుడుస్తావు?"

"వాళ్లు తొక్కినన్నిసార్లు బాబూ. మీరొచ్చే పదింటికి రెండోసారి అయిపోతుంది."

ఆయన నేరుగా హెడ్మాస్టరమ్మ గదికి వెళ్లారు. "నేను రాసింది తప్పండీ."

"ఏం, నేల శుభ్రంగా లేదా?"

"ఉందండీ. ఎందుకుందో నేను చూడలేదు. పిల్లలు తొక్కే వేగానికి సరిగ్గా ఆవిడ తుడుస్తోంది. ఆ చెయ్యి ఆగితే సోమవారానికే తెలుస్తుంది."

హెడ్మాస్టరమ్మ ఆ కాగితం తీసి చింపేసింది.

అయ్యలారా, అమ్మలారా! మీ ఇల్లు, మీ వీధి నిన్న ఉన్నట్టే ఇవాళా ఉన్నాయంటే, ఎవరో నడుం వంచి వాటిని అలా ఉంచుతున్నారు. వాళ్లకు పనేముందని అడిగే ముందు ఒక్కపూట వాళ్ల పని మీరు చేసి చూడండి.