ఐదో పాయింటు

మేనేజ్‌మెంట్ పేపర్లో రెండు మార్కులు తక్కువై నా కూతురు తప్పింది. పాస్ కావాలంటే నలభై రావాలి, దానికి ముప్పై ఎనిమిది వచ్చాయి. ఈ పేపరు మిగిలిపోతే రెండో సంవత్సరంలోకి రానివ్వరు. మూడు రోజులుగా అది అన్నం సరిగ్గా తినడం లేదు. ఆ రెండు మార్కులూ ఎక్కడ పోయాయో దానికి తెలీదు. నాకు తెలుసు.

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. పంతొమ్మిదేళ్లుగా మేనేజ్‌మెంట్ చెప్పే లెక్చరర్ గారి చేతిరాత నోట్సు నా దగ్గరే ఉంటుంది. పుస్తకం కొనే పిల్లలు లేరు, కొనమని ఆయనా పట్టుబట్టరు. ప్లానింగ్ నుంచి కంట్రోలింగ్ దాకా మొత్తం అరవై రెండు పేజీలు. నాకు డిగ్రీ లేదు గానీ నిద్రలో లేపి ఏ పేజీ అడిగినా గడగడా అప్పజెబుతాను. ఇంత చదువుకుని నేను మేనేజ్ చేస్తున్నది ఒక మెషినును, ఒక స్టూలును. ఆ స్టూలు కూడా కస్టమర్లకే.

షాపు పెట్టిన మొదటి ఏడాది, పరీక్షకు ముందు రోజు, ఇరవై మూడో పేజీ మెషిన్లో ఇరుక్కుంది. లాగితే అడుగు భాగం నలిగి చిరిగిపోయింది. సూపర్‌వైజర్ విధులు అని ఐదు పాయింట్లున్న పేజీ అది. నాలుగు చదవడానికి వచ్చాయి, ఐదోది పోయింది. సార్ ఊళ్లో లేరు. బయట పిల్లలు ఒకరినొకరు తోసుకుంటున్నారు. నా రాత కూడా ఆయన రాతలాగే గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొత్త కాగితం తీసి నాలుగూ ఎక్కించాను. ఐదో అంకె వేసి ఆగిపోయాను.

అంతకు ముందు ఆరేళ్లు నేను బట్టల కంపెనీలో చొక్కాలు మడతపెట్టాను. పొద్దున నిలబడితే సాయంత్రం దాకా నిలబడడమే. అరికాళ్లు మంటలెత్తేవి. మా సూపర్‌వైజర్‌కి వచ్చిన మాట ఒక్కటే, "అయిందా?" ఆ మనిషి గుర్తొచ్చి, ఒళ్లు మండి రాసేశాను: "పని అయిందా అని అడిగే ముందు, చేసిన మనిషికి కూర్చోవడానికి చోటు దొరికిందో లేదో చూడాలి."

మర్నాడు సార్‌కి చెబుదామనుకున్నాను. మర్నాడు పని, ఆ మర్నాడు ఇంకో పని. పిల్లలు అదే రాశారు, ఆయనే దిద్దారు, మార్కులు వేశారు. ఏటా అంతే. అబద్ధమెందుకు, లోలోపల నాకు గర్వంగానే ఉండేది. ఈ ఏడాది నా కూతురు వంటింటి గుమ్మంలో కూర్చుని నా మాటనే బట్టీ పడుతుంటే, చెవులారా విన్నాను గానీ నోరు మెదపలేదు. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. ఈసారి పేపర్లు దిద్దడానికి వేరే యూనివర్సిటీకి వెళ్లాయి. అక్కడెవరో ఐదో పాయింటు మీద ఎర్రగీత కొట్టారు. నలభై ఒక్కమంది పిల్లలకు రెండేసి మార్కులు ఎగిరిపోయాయి.

సోమవారం మధ్యాహ్నం లెక్చరర్ గారు వచ్చి స్టూలు మీద కూలబడ్డారు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఆ ఇరవై మూడో పేజీ తియ్యమ్మా. ఆ పాయింటు ఏ పుస్తకంలోదో నాలుగింటికల్లా మార్కులు మళ్లీ చూసే కమిటీకి చూపించాలట."

"దొరికిందా సార్?"

"లైబ్రరీ అంతా తిరగేశాను. ఎక్కడా లేదు. ఇక ఆలోచిస్తే తట్టింది." ఆయన మొహంలో అలసట కాస్త తగ్గింది. "అది పుస్తకంలోది కాదమ్మా. నేనే రాసుంటాను. మిగతాదంతా వాళ్ల దగ్గరా వీళ్ల దగ్గరా దించిందే. సొంతంగా రాసింది అదొక్కటే."

"మరి అలా చెబితే మార్కులు కలుపుతారా?"

"ఎందుకు కలుపుతారు? పుస్తకంలో లేనిది పాయింటే కాదంటున్నారు. నోట్సు కాపీ తీయడంలో తప్పు జరిగిందని రాసిస్తే మాత్రం, పిల్లల తప్పు కాదు కాబట్టి కలుపుతారట. అది తప్పని నా చేత్తో నేనెలా రాసిచ్చేది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఆయనకి మిగిలిన ఆ ఒక్కటీ లాక్కున్నట్టు. చెప్పకపోతే నా పిల్లకి ఏడాది పోతుంది, దానితో పాటు ఇంకో నలభైమందికి. సొరుగులో అట్టల అడుగున దాచిన పాత కాగితం తీసి, ముడతలు సాపు చేసి ఆయన ముందు పెట్టాను. నలిగిన అసలు పేజీ. జరిగిందంతా చెప్పాను, బట్టల కంపెనీతో సహా.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని మాత్రం అనిపించింది. ఆ చిరుగు మీద వేలు పెట్టి చూశారు.

"పంతొమ్మిదేళ్లు," అన్నారు. "క్లాసులో ఆ ఒక్క మాట దగ్గరే పిల్లలు తలెత్తి చూసేవాళ్లమ్మా."

తర్వాత నా కౌంటర్ మీదే ఉత్తరం రాశారు. 'జిరాక్స్ షాపులో జరిగిన పొరపాటు వల్ల' అని ఉంది అందులో. కింద నేను సంతకం పెట్టాను. "మూడు కాపీలు," అన్నారు. నా పొరపాటుకి నేనే మూడు కాపీలు తీసి ఇచ్చాను.

శుక్రవారం మార్కులు కలిపారు. నా కూతురు ఎగురుకుంటూ వచ్చి మెడ కావలించుకుంది. "ఆ పిచ్చి పాయింటు ఎవరు రాశారో గానీ అమ్మా, నా ఏడాది మింగబోయింది!"

"అవునే," అన్నాను. నా కళ్లలో నీళ్లు చూసి అది సంతోషమనుకుంది. సగం సంతోషమే.

సాయంత్రం సార్ ఒక చీటీ తెచ్చారు. అసలు ఐదో పాయింటు పుస్తకంలోంచి ఎత్తి రాసిన చీటీ. సరుకు నాణ్యత తగ్గకుండా చూడాలట. "పాతది తుడిచేసి ఇది ఎక్కించు," అన్నారు. నేను స్టూలు ఆయన వైపు జరిపాను. ఆయన కూర్చోలేదు. దాన్ని తిప్పి కౌంటర్ లోపలికి, నా వైపుకి నెట్టి వెళ్లిపోయారు.

ఆ షాపులో మొదటిసారి కూర్చున్నాను. ఇరవై మూడో పేజీ ఒళ్లో పెట్టుకుని, వైట్‌నర్‌తో నా వాక్యాన్ని ఒక్కో మాటా తుడిచేశాను. కౌంటర్ అవతల ఎవరో అమ్మాయి వేళ్లతో టకటక కొడుతూ "అయిందా అమ్మా?" అంది.

వైట్‌నర్ ఆరేదాకా నేను లేవలేదు.