గంజి పెట్టిన గాలిసంచి

నేత విషయంలో నాకు ఎవడూ చెప్పాల్సిన పని లేదు. ముప్ఫై ఏళ్ళుగా మగ్గం గుంటలో కూర్చున్నవాణ్ణి. గన్నవరం ఏరోడ్రోము వాళ్ళు గాలిసంచి కావాలని కబురు పెట్టినప్పుడూ ఆ మాటే చెప్పి ఒప్పుకున్నాను. పెద్ద స్తంభం మీద ఇనుప చట్రానికి కట్టే గుడ్డ గొట్టం అది. గాలి వచ్చే వైపుకు దాని మూతి తిరుగుతుంది. అది ఎంత పైకి లేచిందో చూసి గాలి జోరు తెలుసుకుంటారు.

సంచి ఎక్కించిన మర్నాడే నా కూతురు శివపార్వతి విశాఖపట్నం వెళ్ళాలి. అల్లుడు ఓడలో పనివాడు. మధ్యాహ్నం మూడింటికి ఓడ కదిలిందంటే మళ్ళీ రెండేళ్ళకు గాని రాడు. గోదావరి అవతల లైను కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. మొగుణ్ణి చూడందే ఉండలేనని ఏడ్చి, పట్టుబట్టి విమానం టిక్కెట్టు కొనిపించింది.

"నూట తొంభై మైళ్ళండీ మార్కండేయులు గారూ. గంటా ఇరవై నిమిషాలు. పదింటికి లేస్తే పదకొండున్నర లోపే దిగుద్ది," అన్నాడు ఏరోడ్రోము గుమాస్తా మరియదాసు. గుణదల మనిషి, నెమ్మదస్తుడు.

ఎనిమిది మంది పట్టే చిన్న విమానం. పైలట్ ఆఫీసు కిటికీలోంచి చూశాడు. నా సంచి విశాఖ వైపు మూతి పెట్టి, కర్రలాగా అడ్డంగా నిలబడి ఉంది. నాకు ఛాతీ పొంగింది. ఆయన మాత్రం కాగితం మీద ఏదో లెక్క వేసి మరియదాసును పిలిచాడు.

మరియదాసు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "ఎదురుగాలి గట్టిగా ఉందటండీ. రెండు గంటలు పడుద్దంట. పెట్రోలు ఎక్కువ పొయ్యాలి, ఒక మనిషి బరువు తగ్గాలి. ఆఖర్న టిక్కెట్టు కొన్నది మీ అమ్మాయే. ఇంకో విమానం మూడు రోజులకండీ."

శివపార్వతి పెట్టె కింద పెట్టి నా మొహంలోకి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. గాలట, నా బొంద. నా భుజం మీద కండువా అంచు కూడా కదలడం లేదు. మరి సంచి ఎందుకలా లేచింది?

అప్పుడు తట్టింది. గుడ్డ బిగువుగా ఉండాలని దానికి రెండుసార్లు గంజి పెట్టాను. గంజి లేని గుడ్డ ఇవ్వడం మా ఇంటా వంటా లేదు. తెల్లవారుజామున వీచిన చిరుగాలికి అటు తిరిగి, అలాగే బిగుసుకుపోయింది.

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. ఒక్క నిమిషం ఆ ఆలోచన వచ్చిందని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. పైలట్‌ను బయటకు రమ్మని పిలిచి, పిడికెడు దుమ్ము తీసి పైకి విసిరాను. అది తిన్నగా నా పాదాల మీదే పడింది.

"గాలి లేదండీ. ఉన్నది గంజి. తప్పు నాది," అన్నాను, అందరూ వినేట్టు.

పైలట్ దుమ్మునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నవ్వలేదు, తిట్టలేదు. లెక్క కొట్టేసి మళ్ళీ వేశాడు.

మెట్లెక్కుతూ శివపార్వతి వెనక్కి తిరిగింది. "తప్పు నాదని నువ్వనడం ఇదే వినడం నాన్నా," అంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునే నవ్వింది.

సంచి దింపించి బావి దగ్గర ఉతకడానికి కూర్చున్నాను. మూడోసారి జాడిస్తుండగా మరియదాసు పరుగున వచ్చాడు.

"విశాఖ నుంచి వైర్‌లెస్ వచ్చిందండీ, విమానం దిగిందంట. గంటా పద్దెనిమిది నిమిషాలు. మీ అల్లుడు గారు ఎదురొచ్చారని మీకు చెప్పమందంట అమ్మాయి."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తున్నానని అతనికి తెలిసిపోతుంది.