చిలకమ్మ పువ్వు మెడలో రేకు ముక్క

నేను ఒక రేకు ముక్కను. వేలెడంత పొడవు, ఒక చివర చిల్లు. చాలా ఏళ్ళుగా నాకొక సందేహం ఉంది. ముఖం మధ్యలో అంత ముక్కు పెట్టుకుని తిరిగే మనుషులు, పువ్వెదురుగా నిలబడి, అదేమిటో తెలుసుకోవడానికి నన్నెందుకు చదువుతారు?

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. ఒక నర్సరీలో ఖాళీ రంగు డబ్బాను కత్తిరించి, మేకుతో గుచ్చి నా మీద 'నీలం ఆర్కిడ్' అని రాశారు. ఒక మొక్కకు కట్టి చోడవరం వేదాచలంగారికి అమ్మారు. దాని పువ్వుకు వాసన ఉండదు. ఆయన భక్తి కొద్దీ దానికి రోజుకు మూడుసార్లు నీళ్ళు పోసి, వేళ్ళు కుళ్ళబెట్టి, నాలుగు నెలల్లో చంపారు. నన్ను మాత్రం "మంచి రేకు" అని దాచారు. చచ్చిన మొక్కకన్నా దాని పేరే ఎక్కువ కాలం బతికింది.

పాడేరు కొండల నుంచి ఏటా కార్తీకంలో విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్మడానికి దిగే చిలకమ్మ, ఆ ఏడు ఒక మొక్కను ఆకులో చుట్టి తెచ్చింది. రోడ్డు కోసం కొట్టేసిన పనసచెట్టు మీద బతికిందట.

"డబ్బులొద్దు బాబూ. మాయమ్మ సిగలో ఎట్టుకునే పువ్వు ఇదేనో కాదో తెలీదు. అలాటి చెట్టు మావేపు మరి నేదు. పూసినాక వాసనెలాగుందో సెప్పండి, సాలు. వాసన బట్టి పోల్చుకుంటాను."

ఆయన సరేనన్నారు. అదీ ఆయన తలకెత్తుకున్న బాకీ. వెంటనే నన్ను తెచ్చి ఆ కొత్త మొక్క మెడలో కట్టారు. పేరు లేకుండా ఉండకూడదట.

ఈసారి నేర్చుకున్నారులెండి. చిల్లుల కుండీలో బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు వేసి, జామచెట్టు నీడన వేలాడదీశారు. మూడో వైశాఖంలో గులాబీ రంగు గుత్తి ఒకటి కిందికి జారి పూసింది. తోటల సంఘం అధ్యక్షులు చూడవచ్చారు. నన్ను రెండుసార్లు చదివారు.

"నీలంలో ఇదో గులాబీ రకం. వాసన ఉండదు" అని తేల్చారు. గుత్తి ఆయన ముక్కుకు జానెడు దూరంలో ఊగుతోంది.

వేదాచలంగారి సంగతి ఇంకా విచిత్రం. వాసన చూసిన పువ్వు దేవుడికి ఎంగిలి. అందుకని కండువా ముక్కుకు చుట్టుకుని గుత్తి కోసేవారు. మర్నాడు నిర్మాల్యం తీసేసరికి దానికి అగరొత్తుల వాసనే మిగిలేది. కార్తీకంలో చిలకమ్మ వచ్చేది.

"పూసిందా బాబూ?"

"పూసిందమ్మా. స్వామికి పెట్టాను."

"వాసనేటి?"

"మేం చూడకూడదమ్మా."

"పోనీ మీ సామి ఏటన్నాడు? బాగుందన్నాడా, బాగోనేదన్నాడా?"

ఆయన భార్య మంగతాయారు వంటింట్లో కిసుక్కుమనేది. ఇలా ఆరేళ్ళు. ముక్కు వాడితే ఒక్క క్షణంలో అయ్యే పని.

కిందటి కార్తీకంలో చిలకమ్మ గుమ్మం దగ్గరే కూలబడింది. "వొచ్చే ఏడు దిగనేను బాబూ, మోకాళ్ళొప్పుకోవు. అమ్మ పువ్వు లోకంలో ఉందో నేదో తెలీకుండానే పోతాను గావాల."

ఆమె వెళ్ళాక మంగతాయారు అంది: "ఏమండీ, ఆవిడ బాకీ ఎగ్గొట్టి ఆవిడ పువ్వులే పెడుతుంటే, స్వామికి మాత్రం ఎలా రుచిస్తుందండీ?"

ఆయన చాలా రోజులు పూజలో మంత్రం మధ్యన ఆగిపోయేవారు. ఒకనాడు పైకే అన్నారు: "స్వామీ, ఒకరికి ఇస్తానన్నది ముందు నీకు పెట్టడం భక్తేనా?" జవాబు వచ్చినా, రేకు మీద రాసి ఉంటే తప్ప ఈయన నమ్మరని నా అనుమానం.

మళ్ళీ వైశాఖం. రెండు గుత్తులు పూశాయి. ఆయన కొయ్యలేదు. కుండీని విప్పి ఒళ్ళో పెట్టుకుని పాడేరు బస్సెక్కారు. అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టారు. ఘాట్ రోడ్డులో అన్ని మలుపులుంటే ఎంతసేపని బిగబడతారు? మూడో మలుపులో వదిలేశారు. నాలుగో మలుపులో కళ్ళు మూసుకున్నారు. దిగేదాకా తెరవలేదు.

అడుగుతూ ఇల్లు పట్టుకునేసరికి చిలకమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. ఆయన కుండీని వెనక పెట్టుకుని, దూరంగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు.

"ముందు నిమ్మతొక్క గిల్లినట్టుంటుంది. తరవాత ఏలక్కాయ. ఆ వెనక కొబ్బరిపాల తీపి."

"మజ్జాన్నానికి తగ్గిపోద్దా?"

"తగ్గుతుందమ్మా. బస్సు దిగేసరికే సగమైంది."

చిలకమ్మ చెయ్యి చాపితే ఆయన దగ్గరికొచ్చి కుండీ దించారు. కుండీ దగ్గరికి లాక్కుని, ముందు నన్ను పట్టుకుంది. "ఈ రేకేటి?"

"దాని పేరమ్మా. నీలం."

"గులాబీ పువ్వుకి నీలమేటి? సదువుకున్నోరు కారూ మీరు?" నన్ను పుటుక్కున తెంపి కోళ్ళ మీదికి విసిరింది. ఒక కోడి నన్ను పొడిచి చూసి, పనికిరానని వదిలేసింది. నన్ను సరిగ్గా అంచనా వేసింది అదొక్కటే.

ఆ చెత్తలోంచే చూశాను. చిలకమ్మ గుత్తిలో ముఖం పెట్టింది. చాలాసేపటికి ఎత్తింది. ఒక రెబ్బ తుంచి నెరిసిన ముడిలో పెట్టుకుంది.

"ఇదే" అంది.

వేదాచలంగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఆలస్యమైందమ్మా."

"అయితే అయింది. తీరింది కదా. కూకోండి బాబూ."