తెలెస్ఫోర్‌కి రెండో బాప్తిస్మం లేదు

ఆ చలికాలం ఎల్జెయార్ లవెర్దూర్ మంచాన్ని వంటగదిలోకి, పొయ్యి పక్కకి మార్చారు. డెబ్భై ఒక్కేళ్ళు, ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆయన కోరేది ఇక ఒక్కటే, బిషప్ గారిచ్చే పతకం. తండ్రి నుంచి కొడుక్కి తెగకుండా రెండు వందల ఏళ్ళకు పైగా ఒకే నేల దున్నిన కుటుంబాలకి ఆ ఏడు పతకాలు ఇస్తున్నారు. లవెర్దూర్‌ల మూలపురుషుడు మాతురెన్ ఫ్రాన్సు నుంచి వచ్చి, ఓడ దిగి, ఈ నది ఒడ్డున అడవి కొట్టినవాడు. అతని దగ్గర నుంచి తన దాకా వరసని బిషప్ గారి అచ్చు కాగితంలో నింపి పంపాలి. రాయడానికి ఉన్న ఒక్క బిడ్డ రొసాల్బా. ముప్ఫై తొమ్మిదేళ్ళు నిండినా పెళ్ళి కాలేదు.

ఎందుకు కాలేదో ఊరందరికీ తెలుసు. పదహారేళ్ళ కిందట వాళ్ళ పాలేరు లూసియెన్ ఆమెను చేసుకుంటానని అడిగాడు. మాంట్రియల్ సన్యాసినుల శిశుగృహంలో పెరిగి, పన్నెండో ఏట పనికి వచ్చినవాడు. "ఎవడి రక్తమో తెలియనివాణ్ణి మాతురెన్ బల్ల దగ్గర అల్లుడిగా కూర్చోబెట్టనా?" అని ఎల్జెయార్ గడ్డికోతల మధ్యలోనే అతణ్ణి వెళ్ళగొట్టాడు. ఉత్తరాదిన కలప కొట్టే శిబిరాల నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది రాలేదు.

చర్చి రిజిస్టర్లు ఫాదరు గారి ఇంట్లో ముందుగదిలో ఉంటాయి. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఒకే పుస్తకంలో వచ్చిన వరసనే రాసి ఉంటాయి. వంశం వెతికేవాళ్ళు పెళ్ళిళ్ళు మాత్రమే చూస్తారు. పెళ్ళి రాతలో వరుడి తల్లిదండ్రుల పేర్లుంటాయి. వాళ్ళ పెళ్ళి వెతికితే ఇంకో మెట్టు పైకి ఎక్కినట్టు. రొసాల్బా ఎనిమిది పెళ్ళిళ్ళు ఎక్కి నాలుగు మధ్యాహ్నాల్లో మాతురెన్‌ని చేరుకుంది. అక్కడితో ఆగిపోతే సరిపోయేది. పేర్ల పక్కన పుట్టిన తేదీలు కూడా ఉంటే కాగితం నిండుగా ఉంటుందనుకుంది.

"ఇంకా తెమల్లేదా? మీ మాతురెన్ సముద్రం దాటడానిక్కూడా ఇన్ని రోజులు పట్టి ఉండదు," అంది ఫాదరు గారి వంటమనిషి అల్బెర్తీన్, బఠాణీ సూప్ తెచ్చి పెడుతూ.

"తేదీలు రాస్తున్నానండీ."

"ఎందుకమ్మా? పతకం నీ మెళ్ళో వెయ్యరుగా!"

రొసాల్బా నవ్వి పేజీ తిప్పింది. తాతయ్య పేరు తెలెస్ఫోర్. దమాజ్, ఫిలొమెన్‌ల కొడుకు. 1851 అక్టోబరులో బాప్తిస్మం. రాసుకుంది. రెండు పేజీల తర్వాత జనవరిలో అదే పేరు మళ్ళీ కనిపించింది. దమాజ్, ఫిలొమెన్‌ల కొడుకు తెలెస్ఫోర్, వయసు మూడు నెలలు, ఈ రోజు సమాధి చేశాము.

"అందులో వింతేముంది?" అంది అల్బెర్తీన్. "పోయిన పిల్లాడి పేరు తర్వాతివాడికి పెట్టేవాళ్ళు. మా అమ్మ అల్బెర్తీన్ అనే పేరుతోనే ముగ్గుర్ని పూడ్చిపెట్టింది, నాలుగోదాన్ని నేనొక్కదాన్నే మొండికేసి బతికాను. తిప్పుతూ పో, రెండో తెలెస్ఫోర్ తగుల్తాడు."

రొసాల్బా ఇరవై ఏళ్ళ పేజీలు తిప్పింది. ఆ ఇంట్లో ఆ తర్వాత పుట్టినవాళ్ళంతా ఆడపిల్లలే. పక్క ఊరి చర్చికి వెళ్ళి అక్కడా చూసింది. రెండో తెలెస్ఫోర్ ఎక్కడా పుట్టలేదు.

ఇంటికి వచ్చి, కోటైనా విప్పకుండా మంచం దగ్గర నిలబడింది.

"తాతయ్య ఎవరు నాన్నా?"

ఎల్జెయార్ చాలాసేపు దగ్గాడు.

"నిన్ను పెళ్ళిళ్ళు చూసి రమ్మన్నాను. చావులెవరు చూడమన్నారు?"

"ఎవరు నాన్నా?"

"పిల్లాడు పోయాక మా నాయనమ్మ ఫిలొమెన్‌కి మతి చెదిరింది. రొమ్ముల్లో పాలు కారిపోతుంటే ఖాళీ ఊయల ఊపుతూ కూర్చునేదట. మా తాత దమాజ్ మంచుబండి కట్టుకుని మాంట్రియల్ పోయి, సన్యాసినుల దగ్గర్నించి ఒకణ్ణి తెచ్చాడు. ఆ ఊయల్లోనే పడుకోబెట్టారు, ఆ పేరుతోనే పిలిచారు. ఊళ్ళో తెలిసినవాళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడు వాళ్ళూ పోయారు."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"మా నాన్న పోయేముందు చెప్పాడు. పంతొమ్మిది వందల ఇరవై రెండులో."

లూసియెన్ వెళ్ళింది ముప్ఫై ఒకటిలో. రొసాల్బా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తెలిసే వెళ్ళగొట్టారా అతణ్ణి?"

"తెలుసు కాబట్టే. అనాథ పిల్లాడితో పెళ్ళంటే ఊరు పాతవన్నీ తవ్వుతుంది. 'ఆ ఇంటికిది అలవాటేగా' అని ఒక్క ముసలిది అంటే చాలు."

"నాతో చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే వాడితో వెళ్ళిపోయేదానివి."

నిజమే. వెళ్ళిపోయేది.

"రక్తం కాకపోతే ఏమైంది?" ఎల్జెయార్ గొంతు పెంచాడు. "ఈ నేల దున్నింది మా నాన్న. రాళ్ళేరింది మా నాన్న."

"తూర్పు పొలంలో రాళ్ళన్నీ లూసియెన్ ఏరినవే."

ఆయన బల్ల మీదున్న కాగితం వైపు చెయ్యి చూపించాడు.

"రాసెయ్యి. బిషప్ గారి మనుషులు కూడా పెళ్ళిళ్ళే చూస్తారు."

రొసాల్బా ఆ కాగితాన్ని పొయ్యిలో వెయ్యగలదు. వేస్తే? లూసియెన్ ఇప్పుడెక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో ఆమెకు తెలియదు. తల్లి పేరు, తండ్రి పేరు రాసి లేనివాణ్ణి ఏ పుస్తకంలో, ఏ మెట్టు మీద వెతుకుతారు? పక్కనే తండ్రి ఊపిరి గరగరలాడుతోంది. ఆయనకి సూప్ వేడి చెయ్యాలి, దుప్పటి మార్చాలి, రేపూ అంతే.

కలం ఇంకులో ముంచి, తెలెస్ఫోర్, దమాజ్ కొడుకు అని రాసింది. దాని కింద, ఎల్జెయార్, తెలెస్ఫోర్ కొడుకు. ఆ కింద కాగితంలో ఇంకో వరస అచ్చువేసి ఉంది, ఈ నేల అందుకోబోయే కొడుకు పేరు రాయమని.

"ఇక్కడేం రాయను నాన్నా?"

ఎల్జెయార్ గోడ వైపు తిరిగాడు.

"గీత కొట్టెయ్యి."

ఆమె స్కేలు పెట్టి గీత కొట్టింది. ఇంకు ఆరేదాకా కాగితం మీద ఊదుతూ కూర్చుంది.